భుజం టెండన్ కుట్టే ఆపరేషన్‌లో ఏ యాంకర్ మంచిది: మెటలా, పీకా, కరిగేదా, దారందా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత మేరకు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీ అమ్మగారికి 62 ఏళ్ళు. మూడు నెలల కిందట బాత్‌రూంలో జారి కుడిచెయ్యి ఆనించి పడ్డారు. నొప్పి తగ్గలేదు, చెయ్యి పైకి లేవడం లేదు. ఎంఆర్ఐలో సుప్రాస్పైనాటస్ అనే భుజం కండరపు టెండన్ పూర్తిగా తెగిందని, చిరుగు రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉందని వచ్చింది. కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ, కుట్టాలన్నారు. తర్వాత ఆస్పత్రివాళ్ళు మీ చేతిలో మూడు ఎస్టిమేట్లు పెట్టారు. మెటల్ యాంకర్లకి (టెండన్‌ని ఎముకకి పట్టి ఉంచే గూటాలకి) ఒక రేటు, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌వి లేదా బయో, అంటే కరిగే యాంకర్లకి ఒక రేటు, పూర్తిగా దారంతో చేసినవాటికి ఇంకో రేటు. అన్నిటికంటే తక్కువదానికీ ఎక్కువదానికీ తేడా 70 వేలు. డల్లాస్‌లో ఉన్న మీ బావగారేమో "ఒంట్లో ఇనుము వద్దు, కరిగిపోయేదే వేయించండి" అంటున్నారు. ఏది వేయించాలి?

సూటిగా చెప్పాలంటే, ఈ నాలుగు రకాల్లో ఏది వేసినా, సరిగ్గా వేస్తే, టెండన్ అతుక్కోవడంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మీ అమ్మగారి వయసుకి నన్ను ఎంచుకోమంటే మరలున్న పీక్ గానీ, మరలున్న బయోకాంపోజిట్ (కరిగేవాటిలో మెరుగైన రకం) గానీ వేస్తాను. డబ్బు ఇబ్బందైతే టైటానియం వేస్తాను, అందుకు మనసులో ఏ శంకా ఉండదు. పూర్తి దారం యాంకర్ విషయంలో మాత్రం ఆవిడ ఎముక చూశాకే మాట్లాడతాను. ఫలితాన్ని తేల్చేవాటిలో యాంకర్ దేనితో చేశారన్నది నా లెక్కలో నాలుగో ఐదో స్థానంలో ఉంటుంది. ముందు స్థానాల్లో ఏమున్నాయో కిందికి వెళ్ళాక చెప్తాను, మీకు అవే ఎక్కువ పనికొస్తాయి.

నేను 17 ఏళ్ళుగా ఎక్కువగా భుజం ఆపరేషన్లే చేస్తున్న ఆర్థోపెడిక్ సర్జన్ని, విజయవాడ వైపు. మీ అమ్మగారి ఫిల్ములు నేను చూడలేదు. కాబట్టి ఇదంతా ఆవిణ్ణి చూసిన డాక్టరుగారితో కూర్చుని మాట్లాడేటప్పుడు పనికొచ్చే సరుకు అనుకోండి, అంతకుమించి కాదు.

ఓపీలో అందరూ "లిగమెంట్ తెగింది సార్" అంటారు. ఇది లిగమెంట్ కాదు. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండేది లిగమెంట్, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచేది టెండన్. భుజం గుండు చుట్టూ నాలుగు కండరాల టెండన్లు కలిసి టోపీలా కప్పుకుని ఉంటాయి, దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. పైభాగంలో ఉండేది సుప్రాస్పైనాటస్, ఎక్కువగా తెగేది అదే. తెగిన టెండన్ని మళ్ళీ ఎముక మీదికి లాగి అదిమి ఉంచాలి. అందుకు ఎముకలో ఒక చిన్న గూటం దింపి, దానికున్న దారాలతో టెండన్ని కుడతాం. ఆ గూటమే యాంకర్. పేషెంట్లు స్క్రూ అంటారు, అలా అన్నా తప్పేమీ లేదు.

యాంకర్లు లేనప్పుడు కూడా ఈ ఆపరేషన్ ఉంది. అమెరికాలో బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ 1911లోనే తెగిన సుప్రాస్పైనాటస్‌ని కుట్టిన సంగతి రాశాడు. తర్వాత దశాబ్దాల తరబడి ఎముకకి సొరంగాల్లాంటి బెజ్జాలు వేసి, అందులోంచి దారం తీసి కట్టేవారు. యాంకర్లు వచ్చింది 1980ల్లో. కీహోల్ పద్ధతికి అవి బాగా కలిసొచ్చాయి, చిన్న రంధ్రంలోంచి ఎముకలో సొరంగం తవ్వి దారం తిప్పడం కంటే గూటం దింపడం తేలిక మరి.

ఇప్పుడు అసలు సంగతి. యాంకర్‌కి ఉద్యోగం దాదాపు మూడు నెలలే. టెండన్ ఎముకకి అతుక్కుని కాస్త బరువు తట్టుకునే స్థితికి రావడానికి 12 వారాలు పడుతుంది, పూర్తిగా గట్టిపడటానికి ఇంకా చాలా నెలలు. ఆ మొదటి మూడు నెలలు పట్టి ఉంచడమే యాంకర్ పని. స్లాబ్ పోసినప్పుడు కింద సెంట్రింగ్ ఉంటుంది చూడండి, అలాంటిదే. కాంక్రీట్ గట్టిపడేదాకా అది కదలకూడదు. గట్టిపడ్డాక అది సర్వి కర్రా, ఇనుప జాకీయా అని ఎవరూ అడగరు. ఒక్కటే తేడా, ఇక్కడ సెంట్రింగ్ ఊడదియ్యం. అది లోపలే ఉండిపోతుంది, లేదా నెమ్మదిగా కరుగుతుంది. అందుకే ఏ పదార్థం గురించైనా నేను రెండే చూస్తాను. మూడు నెలలు పట్టు వదలకుండా ఉంటుందా? ఆ తర్వాత లోపల ఉండి ఏమైనా ఇబ్బంది పెడుతుందా?

మెటల్. మొదట్లో స్టీలు కూడా వాడారు, ఇప్పుడు మెటల్ అంటే దాదాపు టైటానియమే. తుప్పు పట్టదు. అయస్కాంతానికి లాక్కోదు, కాబట్టి తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించుకోవచ్చు. అదే భుజానికి తీస్తే మాత్రం యాంకర్ చుట్టూ నల్లటి మచ్చ, దాని అంచున తెల్లటి మెరుపు వచ్చి, చూడాల్సిన టెండనే సరిగ్గా కనబడదు. తలకో నడుముకో తీస్తే ఏ ఇబ్బందీ లేదు. విమానాశ్రయంలో మోగిందని నా పేషెంట్లెవరూ ఇప్పటిదాకా చెప్పలేదు. మళ్ళీ తీయించాలా అంటే, అవసరం లేదు. ఊడి బయటికొస్తే తప్ప ఎవరూ తియ్యరు.

మెటల్‌తో భయపడాల్సింది ఆ ఊడి రావడం గురించే. నా మొదటి రోజుల్లో జరిగింది చెప్తాను. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, నలభై ఎనిమిదేళ్ళుంటాయి. రెండు టైటానియం యాంకర్లు వేశాను. ఒకదాని తల ఎముక మట్టానికి దిగకుండా ఓ రెండు మిల్లీమీటర్లు పైకి మిగిలింది. స్క్రీన్ మీద చూస్తూనే ఉన్నాను, ఇంకో అర తిప్పు తిప్పుదామా అనుకుని, తిప్పితే పట్టు పోతుందేమోనని వదిలేశాను. ఆరు వారాలకి వచ్చి "సార్, చెయ్యి కదిపితే లోపల ఇసక నలిగినట్టుంది" అన్నాడు. ఎక్స్‌రేలో యాంకర్ ఇంకాస్త పైకి లేచి కనబడింది. మళ్ళీ స్కోప్ పెట్టి చూస్తే పైన ఆక్రోమియన్ ఎముక అడుగున వేలు పట్టేంత గాడి పడి ఉంది. అదృష్టవశాత్తు కీలు లోపలి మృదులాస్థి బాగానే ఉంది. యాంకర్ తీసేశాను. టెండన్ అప్పటికి సగం అతికింది, నొప్పి లేకుండా పనిలోకి వెళ్ళాడు గానీ మునుపటంత బలం రాలేదు. ఇందులో టైటానియం చేసిన తప్పేమీ లేదు, తప్పు నాది. నిజానికి మెటల్ కాబట్టే ఎక్స్‌రేలో అంత తొందరగా పట్టుబడింది. అదే పీక్ అయ్యుంటే ఎక్స్‌రేలో కనబడేదే కాదు.

మెటల్‌కి ఇంకో చిక్కుంది. ఎప్పుడైనా టెండన్ మళ్ళీ తెగి రెండోసారి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే, పాత స్క్రూలు దారికి అడ్డం. దాని మీద డ్రిల్ నడవదు. తవ్వి తీస్తే అక్కడ గొయ్యి మిగులుతుంది.

కరిగేవి. మీ బావగారి సలహా ఇక్కడే కాస్త పాతది. "బయో" అనే ఒక్క పేరు కింద చాలా రకాలున్నాయి, అన్నీ ఒకటి కావు. మొదట వచ్చినవాటిలో పీజీఏ అనే పాలిమర్ ఉండేది. అది మరీ తొందరగా కరిగేది, కొద్ది వారాల్లోనే బలం పోయేది. టెండన్ ఇంకా అతుక్కోకముందే సెంట్రింగ్ తీసేసినట్టు. పైగా కొందరికి కీలులో వాపు తెచ్చిపెట్టేది. తర్వాత పీఎల్ఎల్ఏ వచ్చింది. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లమే గొలుసులా అల్లుకుంటే అది. బలం బాగుంటుంది, కానీ కరగడం మరీ నెమ్మది. ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. కరిగేటప్పుడు ఆ ఆమ్లం చుట్టుపక్కల ఎముకని కాస్త తింటుంది కూడా. కొందరికి యాంకర్ చుట్టూ ఖాళీ ఏర్పడి, ఎంఆర్ఐలో నీటి తిత్తిలా కనబడుతుంది.

ఇప్పుడు బయోకాంపోజిట్ అంటున్నది దీనికి మెరుగైన రూపం. ఆ పాలిమర్‌లో కాల్షియం ఫాస్ఫేట్ పొడి కలుపుతారు, ఎక్కువగా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, కొన్నిటిలో హైడ్రాక్సీఅపటైట్. ఎముకలో ఉండే ఖనిజం కూడా కాల్షియం ఫాస్ఫేటే. అది ఆమ్లాన్ని కొంత విరుస్తుంది, పాలిమర్ కరిగిన చోట ఎముక పెరగడానికి ఆసరా ఇస్తుంది. రెండు మూడేళ్ళలో యాంకర్ ఉన్న చోట ఎముక నిండాలన్నది ఉద్దేశం. చాలామందికి నిండుతుంది, కొందరికి సగమే నిండుతుంది. నా పేషెంటు ఒకాయన బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ళ తర్వాత వేరే కారణంగా ఎంఆర్ఐ తీయించుకుంటే రిపోర్టులో "యాంకర్ చుట్టూ ఆస్టియోలైసిస్, తిత్తి" అని రాశారు. ఎముక కరిగిపోతోందని రాత్రంతా నిద్రపోకుండా పొద్దున్నే వచ్చేశాడు. చెయ్యెత్తమన్నాను. చెవి పక్కగా పూర్తిగా పైకెత్తాడు, నొప్పి లేదు. టెండన్ చక్కగా అతుక్కుని ఉంది. ఏమీ చెయ్యలేదు, ఏడాది తర్వాత చూద్దాం అని పంపించాను. ఇలాంటి తిత్తుల్లో చాలావాటికి చెయ్యాల్సింది ఏమీ ఉండదు, టెన్షన్ తప్ప.

కరిగేవాటితో ఆపరేషన్ టేబుల్ మీదే వచ్చే తలనొప్పి వేరే ఉంది. అవి పెళుసు. కుర్రాళ్ళ ఎముక గట్టిగా ఉంటుంది, ముందుగా దారి సరిగ్గా చెయ్యకుండా తిప్పితే సగంలో టక్కుమంటుంది. ఆ చప్పుడు చెవికి వినబడదు, చేతికి తెలుస్తుంది. పిడి ఒక్కసారిగా తేలికైపోతుంది. నాకు రెండుసార్లు అయింది. రెండుసార్లూ ముక్క లోపలే వదిలి, దాని పక్కనే ఇంకోటి వేశాను. ముక్క ఎలాగూ కరుగుతుంది కాబట్టి అదీ ఒక సౌకర్యమే. కంపెనీ రిప్రజెంటేటివ్ మాత్రం ఇంకో యాంకర్ తెరవాల్సి వస్తే ముఖంలో బాధ నటిస్తాడు.

పీక్. పూర్తి పేరు పాలీఈథర్ఈథర్‌కీటోన్, పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గట్టి ప్లాస్టిక్ లాంటిది, దంతం రంగులో ఉంటుంది. వెన్నెముక ఆపరేషన్లలో 1990ల నుంచి వాడుకలో ఉంది. కరగదు, తుప్పు పట్టదు, ఎంఆర్ఐలో మచ్చ రాదు, రెండోసారి వెళ్ళాల్సి వస్తే దాని మీద నేరుగా డ్రిల్ చెయ్యొచ్చు. బిగువు విషయానికొస్తే, టైటానియం సుమారు 110 గిగాపాస్కల్‌లు (బిర్రుతనాన్ని కొలిచే యూనిట్), గట్టి ఎముక 15 నుంచి 20, పీక్ 3 నుంచి 4. అంటే టైటానియం ఎముక కంటే చాలా బిర్రు, పీక్ బాగా మెత్తన. యాంకర్ అంత చిన్న వస్తువుకి ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదని నా అభిప్రాయం, అమ్మేవాళ్ళు మాత్రం దీని గురించి చాలాసేపు మాట్లాడతారు. దీని లోపం ఏంటంటే ఎముక దీనికి అతుక్కోదు, పక్కన కూర్చుంటుంది అంతే. అందుకే ఈ మధ్య వచ్చేవాటిలో నడుమ బోలుగా చేసి, పక్కల కిటికీలు పెడుతున్నారు, ఎముక అందులోకి పెరుగుతుందని. అరవై దాటినవాళ్ళకి నేను ఎక్కువగా వాడేది ఇదే. కారణం చాలా మామూలుది: తేలిగ్గా విరగదు, కరగదు, ఎంఆర్ఐకి అడ్డం రాదు.

పూర్తి దారం యాంకర్లు. ఇవి 2010 ప్రాంతంలో మార్కెట్‌లోకొచ్చాయి. స్క్రూ ఉండదు. దారం చుట్టూ గుడ్డ గొట్టం లాంటిది ఉంటుంది. దాన్ని సన్నటి బెజ్జంలోకి దింపి దారం వెనక్కి లాగితే, నాడా లాగినప్పుడు పైజామా నడుం కుచ్చు పడ్డట్టు ఆ గుడ్డ ముడుచుకుని ఉండ కడుతుంది. ఆ ఉండ ఎముక పైపెంకు అడుగున చిక్కుకుంటుంది. బెజ్జం చాలా చిన్నది, కొన్నిటికి మిల్లీమీటరున్నర కూడా ఉండదు, కఫ్‌కి వాడేవాటికి రెండు మూడు మిల్లీమీటర్లు. స్క్రూ యాంకరైతే అయిదు, అయిదున్నర మిల్లీమీటర్ల లావు. సుప్రాస్పైనాటస్ అతికే జాగా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. అందులో నాలుగు లావు స్క్రూలు దింపడానికీ నాలుగు సన్న బెజ్జాలు వేయడానికీ చాలా తేడా ఉంది కదా. వయసులో ఉన్నవాళ్ళకి, గట్టి ఎముకకి ఇవి నాకూ ఇష్టమే.

అయితే దీని పట్టు మొత్తం ఆ పైపెంకు మీదే. స్క్రూకైతే లోపలి గుల్ల ఎముకలో కూడా మరలు పట్టుకుంటాయి, దీనికి ఆ ఆధారం లేదు. అరవై దాటిన ఆడవాళ్ళలో, అదీ చెయ్యి నెలల తరబడి వాడకుండా ఉన్నవాళ్ళలో, ఆ పెంకు అప్పడంలా ఉంటుంది. టెండన్ బాగా అతకాలని కొందరు సర్జన్లు ఆ పెంకుని కాస్త గీకుతారు కూడా. గీకి దారం యాంకర్ వేస్తే గోడ ప్లాస్టరింగ్ తీసేసి ప్లాస్టరింగ్‌లోనే మేకు కొట్టినట్టే. అందుకే మీకు దారం యాంకర్ అంటే నేను ఆగి ఆలోచించాను. వద్దనడం లేదు, ఎముక గట్టిదని సర్జన్ చేతికి తెలిస్తే వెయ్యొచ్చు. "కొత్తది, ఖరీదైనది, కాబట్టి మంచిది" అన్న లెక్కలో మాత్రం వేయించకండి.

ఇప్పుడు ముందు స్థానాల్లో ఉన్నవాటికి వస్తాను.

కుట్టింది మళ్ళీ తెగితే ఎక్కడ తెగుతుందనుకుంటున్నారు? ఎక్కువసార్లు యాంకర్ దగ్గర కాదు. దారానికీ టెండన్‌కీ మధ్య. మూడేళ్ళ కిందట ఒక పెద్దావిడకి చేశాను, ఇంచుమించు మీ అమ్మగారి వయసే. పీక్ యాంకర్లు నాలుగు, రెండు వరసలు, అంతా బాగా కుదిరింది. నాలుగో వారంలో ఇంటికి చుట్టాలొచ్చారని స్లింగ్ తీసి కుక్కరు దించింది. "ఒక్కసారే బాబూ" అంది. స్కాన్‌లో చూస్తే యాంకర్లు వేసినవి వేసిన చోటే బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. బండి దగ్గర ఉడికిన గుడ్డుని దారంతో కోస్తారు చూడండి, సరిగ్గా అలా దారం టెండన్‌ని కోసుకుని బయటికొచ్చేసింది. అక్కడ లక్ష రూపాయల యాంకర్ ఉన్నా చేసేదేమీ లేదు. వయసు మీద పడ్డ టెండన్ మెత్తబడుతుంది, యాంకర్ ఎంత గట్టిదైతే అంతగా ఓడిపోయేది టెండనే.

మొదటిది కండరం. ఎంఆర్ఐ రిపోర్టులో అందరూ చిరుగు ఎన్ని సెంటీమీటర్లు అని చూస్తారు. మీరు చూడాల్సిన ఇంకో మాట ఉంది, కండరం కొవ్వుగా మారిందా లేదా. దీనికి 1994లో గుటాలియే అనే ఫ్రెంచి సర్జన్ చెప్పిన గ్రేడింగ్ ఇప్పటికీ వాడతాం, 0 నుంచి 4 దాకా. 0, 1 అయితే సంతోషం. 2 అయితే ఫరవాలేదు. 3, 4 అంటే కండరంలో కొవ్వు కండతో సమానంగానో అంతకుమించో ఉందని. అలాంటి కండరానికి కట్టిన టెండన్ అతికే అవకాశం బాగా తక్కువ, అతికినా లాగే శక్తి అంతగా రాదు. రిపోర్టులో ఈ గ్రేడు లేకపోతే రేడియాలజిస్టుని అడిగి రాయించుకోండి, ఫిల్ములు ఉన్నాయి కాబట్టి మళ్ళీ తీయించాల్సిన పని లేదు.

రెండోది వయసు. ఫ్రాన్స్‌లో నీస్ నగరంలో బ్వాలో బృందం 2005లో వేసిన లెక్క మాలో చాలామందికి కంఠతా వచ్చు. 65 మందికి కీహోల్‌లో సుప్రాస్పైనాటస్ కుట్టి, తర్వాత స్కాన్ చేసి చూశారు. మొత్తం మీద 71 శాతం మందికి పూర్తిగా అతికింది. 65 ఏళ్ళు దాటినవాళ్ళని విడిగా లెక్కేస్తే 43 శాతమే. మీ అమ్మగారు ఆ గీతకి ఇవతల ఉన్నారు, మరీ దూరంలో లేరు. అతకకపోతే అంతా వృథా అనుకోకండి. అమెరికాలో గలాట్జ్ బృందం 2004లో పెద్ద చిరుగులున్న 18 మందిని చూస్తే 17 మందికి కుట్టింది మళ్ళీ తెగి ఉంది, అయినా వాళ్ళలో చాలామందికి మొదటి ఏడాది నొప్పి బాగా తగ్గింది. స్కాన్ ఒకటి చెప్తుంది, మనిషి ఇంకోటి చెప్తాడు. నా దగ్గరికొచ్చే ఒక టైలర్‌కి స్కాన్‌లో చిరుగుంది, రోజుకి పది జాకెట్లు కుడుతున్నాడు.

ఇక ఎముక. మీ అమ్మగారికి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించారా? లేకపోతే చేయించండి, విటమిన్ డి కూడా చూపించండి. ఎముక గుల్లగా ఉంటే సర్జన్ చేసే మార్పులు చాలా ఉంటాయి: డ్రిల్ తక్కువ లావు వెయ్యడం, అయిదున్నరకి బదులు ఆరున్నర మిల్లీమీటర్ల యాంకర్ తియ్యడం, కీలు అంచుకి దగ్గరగా ఎముక కాస్త గట్టిగా ఉండే చోట దింపడం, ఒకటి కదులుతుంటే దాని పక్కనే తోడుగా ఇంకోటి దిగ్గొట్టడం. చివరి రెండు తిప్పుల్లో పిడి చేతికి బరువెక్కాలి. ఎక్కకుండా నెయ్యిలో గరిటె తిప్పినట్టు తిరుగుతుంటే అది పట్టలేదని అర్థం. అప్పుడు పెట్టెలో వేరే సైజు ఉందా లేదా అన్నదే ముఖ్యం, పెట్టె మీద ఏ పదార్థం పేరుందో కాదు. కాబట్టి మీ డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న ఇది: "ఎముక మెత్తగా ఉంటే ఏం చేస్తారండీ? పెద్ద సైజులు థియేటర్‌లో ఉంచుతారా?" ఈ ప్రశ్నకి చిరాకు పడని సర్జన్ దొరికితే సగం పని అయినట్టే.

యాంకర్ దింపే కోణం గురించి కూడా మాలో పెద్ద చర్చ ఉంది. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియోకి చెందిన సర్జన్ బర్క్‌హార్ట్, 1995లో, పశువుల క్షేత్రాల్లో కంచె లాగికట్టే పద్ధతి చూసి యాంకర్‌ని 45 డిగ్రీలు ఒరిగించి వెయ్యాలన్నాడు. మన ఊళ్ళలో గేదెని కట్టే గుంజని లాగే దిక్కుకి ఎదురుగా కాస్త ఒరిగించి దిగ్గొడతారు, అదే లెక్క. తర్వాత ప్రయోగశాలల్లో కొలిచినవాళ్ళు మరల యాంకర్లకి నిటారుగా వెయ్యడమే మేలన్నారు. నేను నడుమన ఎక్కడో వేస్తాను. రెండు వర్గాలూ నన్ను తిట్టకుండా ఉండటానికి కాదు, చర్మం మీది రంధ్రం నుంచి చెయ్యి అంతకంటే వంగదు.

షుగరుంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) చూపించండి. 8 దాటితే నేను తేదీ ఇవ్వను, తగ్గించుకుని రమ్మంటాను. చుట్టా, బీడీ, సిగరెట్లకీ అదే మాట, అతకడానికి అవి శత్రువులు.

అసలు ఆపరేషన్ కావాలా అని మీరు అడగలేదు గానీ ఒక ముక్క చెప్తాను. నార్వేలో మూస్‌మేయర్ బృందం 103 మందిని, మూడు సెంటీమీటర్లకి మించని చిరుగులున్నవాళ్ళని, రెండు జట్లుగా చేసి ఒకరికి ఆపరేషన్, ఒకరికి ఫిజియోథెరపీ ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. వ్యాయామాలతో చాలామంది నెట్టుకొచ్చారు, దాదాపు నాలుగో వంతు మంది తర్వాత ఆపరేషన్‌కి మారారు, కాలం గడిచేకొద్దీ మొగ్గు ఆపరేషన్ వైపు పెరిగింది. మీ అమ్మగారిది పడ్డాక వచ్చిన బాధ, చెయ్యి లేవడం లేదు, మూడు నెలలు దాటింది. కండరం ఇంకా కొవ్వు పట్టకపోతే ఇంకో ఆరు నెలలు చూద్దాం అని నేనైతే అనను.

డబ్బు సంగతి. నాలుగు యాంకర్ల ధర చాలా కేసుల్లో సర్జన్ ఫీజుని మించిపోతుంది, అది నిజం. ఎన్ని వేస్తారన్నది లోపల చూశాకే తేలుతుంది, అందుకని ఎస్టిమేట్‌లో ఎన్ని అనుకుని రాశారో అడగండి. రెండుకి రాసి నాలుగు వేస్తే బిల్లు చూసి ఉలిక్కిపడతారు. ప్రతి యాంకర్ పెట్టె మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో సైజు, బ్యాచ్ నంబరు, ఎంఆర్‌పీ ఉంటాయి. ఆ స్టిక్కర్లు డిశ్చార్జి ఫైల్‌లో అంటించమని ముందే చెప్పండి. ఇన్సూరెన్స్‌కి కావాలి, పదేళ్ళ తర్వాత ఇంకో సర్జన్ చూసినా లోపల ఏముందో తెలియాలి. పీక్ ఎక్స్‌రేలో కనబడదని చెప్పాను కదా, బయో, దారం కూడా దాదాపు అంతే, కాబట్టి ఎన్ని వేశారో తెలిపేది ఆ స్టిక్కర్లే.

తక్కువ రేటుది వేయిస్తే మిగిలే 70 వేలతో ఏం చెయ్యమంటానంటే, మంచి ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించుకోండి, కనీసం మూడు నెలలు. ఆరు వారాలు స్లింగ్, రాత్రి పడుకున్నప్పుడు కూడా. మొదట్లో ఆవిడ చెయ్యి ఆవిడ ఎత్తకూడదు, ఫిజియో ఎత్తాలి. ఆరు వారాల తర్వాత సొంతంగా, పన్నెండు వారాల తర్వాత బలానికి వ్యాయామాలు. ఆడవాళ్ళకి ఎవరూ ముందు చెప్పని సంగతులు కొన్నున్నాయి: ముందు హుక్కులుండే వదులు జాకెట్లు రెండు మూడు కుట్టించి పెట్టండి, లేదా నైటీలు. జడ ఎవరో ఒకరు వెయ్యాలి. మంచం మీద వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, పడక్కుర్చీలో సగం కూర్చున్నట్టు పడుకుంటే నిద్ర పడుతుంది. ఇండియన్ టాయ్‌లెట్ అయితే లేచేటప్పుడు ఆ చేత్తో గోడ పట్టుకుంటారు, అక్కడ ఎడమవైపు ఒక కమ్మీ బిగించండి. ఆ కమ్మీ బిగించడానికి వచ్చే మనిషి మాత్రం గోడకి ఏ రకం గూటం వెయ్యాలో ఒక్క క్షణం కూడా ఆలోచించడు, గోడ తట్టి చూసి వేసేస్తాడు.

కండరం గ్రేడు తెలిస్తే ఇక్కడే రాయండి. ఎంఆర్ఐ ఫొటోలు పెడితే అమ్మగారి పేరు, ఐడీ నంబరు కనబడకుండా చెరిపేసి పెట్టండి. అడ్డంగా తీసినవి కాదు, భుజపు ఎముక ఇంగ్లీషు వై అక్షరంలా కనబడే కట్ ఒకటుంటుంది, కండరం సంగతి తెలిసేది అందులోనే. అది పంపండి.